వంటింటి తలుపు చాటు ప్రొఫెసరు

ఇజిడోర్ కామినర్ చనిపోయినప్పుడు మెల్‌బోర్న్ పత్రికలు అరపేజీ చొప్పున రాశాయి. గొప్ప సామాజిక శాస్త్రవేత్త అన్నారు. వలస వచ్చినవాళ్ళ గొంతు అన్నారు. యూదుల జ్ఞాపకాలకు కాపలాదారు అని కూడా ఎవరో అన్నారు. ఫోటోలో గడ్డం కింద వేలు ఆనించి ఎటో దూరంగా చూస్తున్నాడు. నాకు తెలిసిన ఇజ్యో దూరంగా ఎన్నడూ చూడలేదు. దగ్గర్నుంచే చూసేవాడు, అదీ తలుపు సందులోంచి.

నేను వాళ్ళింట్లో పెరిగినదాన్ని కాబట్టి ఆ మాట అనగలను. యుద్ధం అయిపోయాక మా అమ్మా నేనూ పోలండ్ నుంచి ఓడ దిగేసరికి మాకంటూ ఇక్కడ ఎవరూ లేరు. ఇజ్యో వాళ్ళమ్మ ఫ్రూమా రేవుకి వచ్చి, ఎవరికీ చెందనివాళ్ళెవరో చూసి, మమ్మల్ని కార్ల్‌టన్‌లో తన ఇంటికి తీసుకుపోయింది. పెరటి వైపు గది మాకిచ్చింది. మేడ మీది గదిలో అప్పటికే పెసియా పిన్నీ, ఆవిడ భర్త ష్లోయ్మే ఉన్నారు. ఆయన రొట్టెలు కాల్చేవాడు. ఇజ్యో నాన్న అంతకు ముందే గుండె ఆగి పోయాడు. ఫ్రూమా పెద్దమ్మ ప్యాంట్లు కుట్టి ఇంటిల్లిపాదినీ సాకేది.

ఇజ్యో నాకంటే రెండేళ్ళు పెద్ద. వాడు యుద్ధం చూడలేదు. మూడేళ్ళ పిల్లాడప్పుడే, యుద్ధం రాకముందే, తల్లిదండ్రులు వాణ్ణి ఇక్కడికి తెచ్చేశారు. మేము అడవిలో మంచు తింటున్న రోజుల్లో వాడు సెయింట్ కిల్డా సముద్రం ఒడ్డున ఐస్‌క్రీమ్ తింటున్నాడు. అది వాడి తప్పు కాదు. అదృష్టం. ఆ అదృష్టానికి ఒక్కరోజైనా తల వంచి ఉంటే నేనీ పూట ఇలా మాట్లాడేదాన్ని కాదు.

వాడికి మేమంటే సిగ్గు. ట్రామ్‌లో ఫ్రూమా పెద్దమ్మ మా యూదుల యాస యిద్దిష్‌లో మాట్లాడితే లేచి వెళ్ళి వెనక ఎక్కడో నిలబడేవాడు. మా భాష వాడికి బాగా అర్థమయ్యేది గానీ నోట పలికేవాడు కాదు. స్కూల్లో ఎవరైనా మీదేవూరని అడిగితే స్విట్జర్లాండ్ అని చెప్పేవాడు. ఆ సంగతి నాకు వాడి క్లాసు పిల్లలే చెప్పారు.

"ఒరేయ్ ఇజ్యో, ఆ చేపల బకెట్టు కాస్త ఇటు పట్రా నాయనా," అని పెద్దమ్మ పిలిచేది.

"చదువుకుంటున్నానమ్మా," అనేవాడు.

"మావాడు చదువుకుంటున్నాడు," అని ఆవిడ మాకు గర్వంగా చెప్పి, తనే లేచి బకెట్టు తెచ్చుకునేది.

నిజమే, చదువుకుంటూనే ఉండేవాడు. వంటింటి తలుపు బయట, నడవాలో, స్టూలు వేసుకుని. శుక్రవారం రాత్రి మొదలయ్యే సబ్బాత్ పండక్కి ముందురోజు సాయంత్రం ఆడవాళ్ళందరూ వంటింటి బల్ల చుట్టూ చేరి చేపలు శుభ్రం చేసేవారు. చేతులు పని చేస్తుంటే నోళ్ళు వాటంతటవే విప్పుకుంటాయి. పగటిపూట ఎవరూ ఎత్తని మాటలు ఆ బల్ల దగ్గర బయటికొచ్చేవి. ఎవరూ ఎవర్నీ అడిగేవారు కారు, ఓదార్చేవారు కారు. ఒకరు చెప్పేవారు, మిగతావాళ్ళు పొలుసు గీకేవారు.

పెసియా పిన్ని తన కథ అక్కడ ఒక్కసారే చెప్పింది. మొదటి భర్తని జర్మన్లు తీసుకుపోయాక మూడేళ్ళ కూతుర్ని పల్లెలో ఒక రైతు భార్యకి అప్పజెప్పి తను అడవిలోకి పారిపోయింది. యుద్ధం ముగిశాక నడిచి ఆ పల్లెకి వెళ్ళింది. పిల్ల ఆ ఇల్లాలి పావడా వెనక దాక్కుంది. ఈవిడ చెయ్యి చాస్తే కెవ్వున అరిచి శిలువ గుర్తు వేసుకుంది. "తీసుకుపో తల్లీ, నీ బిడ్డే," అంది ఆ రైతు భార్య, ఏడుస్తూనే. పెసియా పిన్ని గుమ్మం మెట్ల మీద పొద్దుగూకేదాకా కూచుంది. పిల్ల దగ్గరికి రాలేదు. లేచి వచ్చేసింది.

అంతా చెప్పి కత్తి తుడిచి, "ఫ్రూమా, ఈ చేపకి ఉప్పు చాలదు," అంది.

ఇక్కడికొచ్చాక ఆవిడకి లిలియన్ పుట్టింది. లిలియన్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పకూడదని మాలో మేం అనుకోలేదు కూడా. అనుకోవలసిన అవసరం లేకపోయింది. అన్నం ఎలా తినాలో ఎవరైనా అనుకుంటారా?

ఇజ్యో బాగా చదివాడు. స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్ వెళ్ళి డాక్టరేటూ, ఒక పైపూ పట్టుకుని తిరిగొచ్చాడు. పైపులో పొగాకు ఉండేది కాదు, మాట్లాడేటప్పుడు ఊపడానికి ఉంచుకునేవాడు. యూనివర్సిటీలో ఉద్యోగం దొరికింది. ఈలోగా గాలి మారింది. వలస వచ్చినవాళ్ళ గురించి రాస్తే పేరొచ్చే రోజులొచ్చాయి. స్విట్జర్లాండ్ పిల్లాడు రాత్రికి రాత్రే పోలండ్‌లోని బియాలిస్తోక్‌ వాడైపోయాడు. తన పేరు పక్కన వాళ్ళ నాన్న యిద్దిష్ పేరు కూడా చేర్చుకున్నాడు. ట్రామ్‌లో మా భాష వినబడితే ఇప్పుడు దగ్గరికి జరిగి వినేవాడు.

అప్పుడు పుస్తకం వేశాడు. 'కార్ల్‌టన్‌లో ఒక వంటిల్లు'. దానితోనే వాడి దశ తిరిగింది. ఇంగ్లండ్‌లో, అమెరికాలో కూడా మెచ్చుకున్నారట. పై పదవి ఇచ్చారు. ఫ్రూమా పెద్దమ్మ ఒక ప్రతిని తెచ్చి వెండి దీపపు సెమ్మెల పక్కన అద్దాల బీరువాలో పెట్టింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేది. ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు. మాలో చాలామందికి రాదు. నాకు వచ్చు గానీ, అప్పటికి ఎల్‌స్టర్న్‌విక్‌లో మందుల షాపు పెట్టుకుని ఊపిరాడక ఉన్నాను. ఇజ్యో రాసింది చదవాలన్న ఆత్రం నాకెప్పుడూ లేదు.

ఆ మరుసటేడు లిలియన్ అదే యూనివర్సిటీలో చేరింది. ష్లోయ్మే వీధి వీధంతా తీపి రొట్టెలు పంచాడు. సామాజిక శాస్త్రం కూడా ఒక పాఠంగా తీసుకుంది, మన ఇజ్యో చెబుతాడు కదా అని.

ఒకరోజు మధ్యాహ్నం లిలియన్ నా షాపుకొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. జ్వరమేమో అనుకుని కుర్చీ వేశాను. కూచోలేదు.

"జెన్యక్కా, నాకు అక్క ఉందా?"

నా చేతిలో మందుసీసా ఉంది. దాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టాను.

"ఎవరు చెప్పారే?"

"ఇజ్యో తన పుస్తకం క్లాసులో చదివి వినిపించాడు. నాలుగో అధ్యాయం. 'శ్రీమతి పి., రొట్టెలవాడి భార్య' అట. కార్ల్‌టన్‌లో మన వీధిలో రొట్టెలవాళ్ళు ఎంతమంది ఉన్నారక్కా? ఆ చేపలు, ఆ కత్తి, ఆ ఉప్పు మాట, అన్నీ ఉన్నాయి. అమ్మ ఎప్పుడూ అలాగే అంటుంది, ఉప్పు చాలదని."

"చదివి ఏమన్నాడు?"

"నేరభావాన్ని సమాజం ఎలా తయారుచేస్తుందో గమనించండి అన్నాడు. అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. రాసుకున్నాక అర్థమైంది."

లిలియన్ క్లాసులో ఉన్నట్టు గమనించలేదని ఇజ్యో తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. అబద్ధం. ఆ పూట క్లాసులోకి వస్తూ ఆమె దగ్గర ఆగి, "నాన్న బాగున్నారా?" అని అడిగి మరీ వెళ్ళాడు.

నేను షాపు మూసి దాన్ని ఇంటికి తీసుకెళ్ళాను. పెసియా పిన్ని పిండి కలుపుతోంది. లిలియన్ నాతో అన్న మాటే తల్లితోనూ అంది. పిన్ని చేతులు కడుక్కుని, ఏప్రన్ విప్పి, మడిచి, కుర్చీలో కూచుంది.

"ఉంది," అంది.

"పేరేంటి?"

"నేను పెట్టింది ఖాయా. వాళ్ళు పెట్టింది క్రిసియా. ఇప్పుడేమని పిలుస్తారో తెలీదు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

పిన్ని మడిచిన ఏప్రన్‌ని విప్పి మళ్ళీ మడిచింది. ష్లోయ్మే ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా పిండి. "నాకూ ఇద్దరుండేవాళ్ళు," అన్నాడు. "మగపిల్లలు." అంతే అన్నాడు. లిలియన్‌కి ఆ సంగతీ అప్పుడే తెలిసింది. అది నేలమీద కూలబడి, తల్లి ఒళ్ళో ముఖం పెట్టుకుంది. నేను వెళ్ళి పొయ్యి కట్టేశాను.

ఆ వారమే ఫ్రూమా పెద్దమ్మ ఇంటికెళ్ళి, బీరువాలోంచి పుస్తకం తీసి, నాలుగో అధ్యాయం యిద్దిష్‌లో చెప్పాను. ఆవిడ అడ్డురాకుండా విన్నది. "మళ్ళీ చెప్పు," అంది. మళ్ళీ చెప్పాను. శుక్రవారం భోజనానికి ఇజ్యో వచ్చేదాకా ఆ పుస్తకం మళ్ళీ బీరువాలో పెట్టలేదట.

ఆ శుక్రవారం నేనక్కడే ఉన్నాను. వాడు మామూలుగా వచ్చి వంటింట్లోకి పోబోయాడు. పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పెసియా మాట నీకెవరు చెప్పార్రా?"

"అమ్మా, అందులో పేర్లు లేవు. పి. అని మాత్రమే ఉంది. ఇది శాస్త్రం. మేం దీన్ని సమాచారం అంటాం."

"ఎవరు చెప్పార్రా అంటే?"

"ఎవరూ చెప్పలేదు. నేనిక్కడ చదువుకుంటూ..."

"చదువుకుంటూ!" అంది పెద్దమ్మ. "నేను చేపల బకెట్టు మోసుకున్నది అందుకా? నువ్వు చదువుకుంటున్నావని నేను వాళ్ళకి చెబుతుంటే, నువ్వు చదివింది వాళ్ళనా? దొంగవాడైతే గిన్నెలు పట్టుకుపోతాడురా. నువ్వు ఆవిడ కడుపులో చెయ్యి పెట్టావు."

"అమ్మా, నీకిది అర్థం కాదు. వీళ్ళ బాధ ప్రపంచానికి తెలియాలి."

"ప్రపంచం వీళ్ళని చూడ్డానికి రేవుకొచ్చిందా? నేనొచ్చాను. తెలియాల్సినవాళ్ళకి తెలుసు."

వాడు నా వైపు తిరిగాడు. "ఇదంతా నీ పనేనా జెన్యా?"

"కాదు ప్రొఫెసరు గారూ, నేను అనువాదం మాత్రమే చేశాను," అన్నాను. "మీకు మన భాష రాదు కదా."

ఆ రోజు నుంచి ఫ్రూమా పెద్దమ్మ కొడుకుని వంటింట్లోకి రానివ్వలేదు. భోజనం మానిపించలేదు. ముందుగదిలో, బంగారు అంచున్న పింగాణీ కంచాల్లో, మడత నలగని గుడ్డ పరిచి వడ్డించేది. "తీసుకోండి. ఇంకాస్త పెట్టమంటారా?" అని 'మీరు' అంటూ మరీ అడిగేది. మా ఇళ్ళల్లో అంతకంటే పెద్ద చీవాటు లేదు. కన్నకొడుకుని చుట్టాన్ని చేసి కూచోబెట్టింది. ఆవిడ పోయేదాకా అదే వరస. ఒక్కసారి వంటింట్లోకి పోయి పెసియా పిన్ని కాళ్ళు పట్టుకుని ఉంటే ఆ కంచాలు తిరిగి బీరువాలోకి పోయేవి. వాడికి ఆ ఆలోచనే రాలేదు. పైపెచ్చు, 'వలస తల్లుల కోపం' అని ఒక వ్యాసం రాశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాం గానీ, ఆ లెక్కని అచ్చేయించుకునేవాణ్ణి వీణ్ణే చూశాం.

పుస్తకం రెండో ముద్రణ వచ్చింది. వాడు పూర్తి ప్రొఫెసరయ్యాడు. టీవీలో కనబడేవాడు. కార్మికుల పక్షాన సంతకాలు పెట్టేవాడు. గుడ్డు ఉడకబెట్టుకోవడం చేతకాని కార్మికపక్షపాతి. రెండు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు, ఇద్దరూ వదిలేసి వెళ్ళారు. రెండో ఆవిడ నా షాపుకొచ్చి తలనొప్పి మాత్రలు కొనుక్కుంటూ, "ఆయన ఇంట్లో కూడా నన్ను మూడో మనిషిలాగే గమనిస్తారండీ," అని వాపోయింది.

లిలియన్ సామాజిక శాస్త్రం మానేసింది. నర్సు చదువు చదివింది. అక్కని వెతకడం మాత్రం మానలేదు. రెడ్‌క్రాస్‌కి రాసింది, ఆ పల్లె చర్చికి రాసింది. ఏళ్ళ తరబడి జవాబు లేదు. చివరికి వచ్చింది. క్రిసియా బతికే ఉంది. పెళ్ళయింది, పిల్లలున్నారు. పెంచిన తల్లి పోతూ పోతూ నిజం చెప్పిందట. ఇంకో ఏడాదికి కాగితాలు కుదిరి, క్రిసియా మెల్‌బోర్న్ వచ్చేందుకు విమానం ఎక్కింది.

విమానాశ్రయానికి పెసియా పిన్ని, ష్లోయ్మే, లిలియన్, నేను వెళ్ళాం. ఎవరికీ చెప్పలేదు. అయినా ఎలా పసిగట్టాడో, అక్కడ స్తంభం పక్కన ఇజ్యో! భుజానికి టేపురికార్డరు, చేతిలో మైకు, వెంట టీవీ వాళ్ళు ఇద్దరు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికి ఇంకొకడు. ఆ ఇంకొకడు ప్రొఫెసరైతే ఇలాగే ఉంటాడు.

"పెసియా పిన్నీ, మీ ఇష్టమైతేనే సుమండీ," అన్నాడు. "ఇది చరిత్ర. ఒక్క మాట చెబితే చాలు, ఈ క్షణాన మీకేమనిపిస్తోందో."

పిన్ని వాణ్ణి చూడనైనా చూడలేదు. తలుపులు తెరుచుకున్నాయి. బొద్దుగా, తలకి రుమాలు కట్టుకుని, ఒకావిడ బయటికొచ్చింది. నడక అచ్చం పెసియా పిన్ని నడకే. ఇద్దరూ ఒకరికెదురుగా ఒకరు ఆగిపోయారు. తల్లి చెయ్యి చాపలేదు. ఆ పల్లెలో చెయ్యి చాస్తే ఏమైందో ఆవిడకి గుర్తుంది. క్రిసియానే అడుగు ముందుకేసి, తల్లి కోటుకి ఊడిపోయిన బొత్తాం పెట్టి, "చలేస్తోందా?" అని పోలిష్‌లో అడిగింది.

ఇజ్యో మైకు మధ్యలోకి తోశాడు. అప్పుడు చూసింది పెసియా పిన్ని వాణ్ణి. క్రిసియా చేతిలోంచి పెట్టె తీసుకుని వాడి చేతికిచ్చింది.

"ఇజ్యో, ఇది మొయ్యి."

వాడు మైకు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చంకలో పెట్టుకుని, ఆ పెట్టె ఎత్తుకుని మా వెనకాల కారు దాకా వచ్చాడు. ఆ పెట్టె నిండా తేనె సీసాలూ, ఎండబెట్టిన పుట్టగొడుగులూ. బాగా బరువు. మేం కారులో పెట్టించుకుని, తలుపు వేసుకుని వచ్చేశాం. టీవీవాళ్ళు తీసిందంతా, ఒక ప్రొఫెసరు పెట్టె మోస్తున్న బొమ్మ.

అయినా సిగ్గుపడలేదు. తన పుస్తకం విడిపోయిన అక్కచెల్లెళ్ళని కలిపిందని ఆ నెలలోనే పత్రికలో రాసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. లిలియన్ మాత్రం, "అది నిజమే కదక్కా. ఆయన చదవకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు," అంది.

"దొంగ దీపం జారవిడిచి కొంప అంటుకుంటే, కాలిన నేలలో నిధి పాతర బయటపడితే, దొంగకి దండలేస్తామా?" అన్నాను.

"వెయ్యొద్దులే. కానీ పాతర పాతరే కదా," అంది.

పాతర పాతరే, కాదనలేను. ఇప్పటికీ కాదనను. అంత మాత్రాన వాడి మీద నా అభిప్రాయం మారలేదు.

వయసు మీదపడేకొద్దీ ఇజ్యో మాటల్లో 'వాళ్ళు' పోయి 'మేము' వచ్చింది. బూడిదలోంచి లేచి వచ్చిన మేము. ఆకలి తెలిసిన మేము. సభల్లో సూటిగా అబద్ధం ఆడేవాడు కాదు. ఆ 'మేము' అనే మాట కిందే అంతా దూర్చేవాడు. ఒక ఏడాది, యుద్ధంలో చనిపోయినవాళ్ళని తలుచుకునే సభలో, హాలు నిండా జనం ఉండగా, కళ్ళు సగం మూసుకుని, "మేము బంగాళాదుంప తొక్కలు తిని బతికాం," అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఏ తొక్కలు ఇజ్యో? మీ అమ్మ చేసే కుగెల్‌కి, ఆ బంగాళాదుంపల దిబ్బరొట్టెకి, తీసేసిన తొక్కలా? ఆ కుగెల్ కూడా నువ్వు పూర్తిగా తినేవాడివి కాదు కదయ్యా, అంచులు మాడాయని వదిలేసేవాడివి!"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకెవరో. చనిపోయినవాళ్ళ సభలో నవ్వకూడదు. కానీ హాలంతా నవ్వింది, కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ముందు వరసలో పెసియా పిన్ని అందరికంటే గట్టిగా నవ్వింది. ఆవిడ అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. ఇజ్యో కాగితాలు సర్దుకుని దిగిపోయాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నాకదేం లోటు కాలేదు.

ముసలితనంలో వాడికి చేతులు వణికే జబ్బు వచ్చింది. మావాళ్ళు నడిపే వృద్ధాశ్రమంలో చేరాడు. యూనివర్సిటీ వాళ్ళెవరూ వచ్చేవారు కారు. లిలియన్ అప్పటికి రిటైరై, వారానికోసారి వెళ్ళి వాడికి సూపు పట్టించి వచ్చేది. పెసియా పిన్నీ, ష్లోయ్మే అప్పటికి లేరు.

"నీకేం ఖర్మే?" అని తిట్టాను ఒకసారి.

"ఆయనకెవరూ లేరక్కా."

"ఉండరు మరి. మనుషుల్ని సంపాదించుకుంటే కదా ఉండేది."

"నిన్న ఏమన్నాడో తెలుసా? టేపురికార్డరు తెమ్మన్నాడు. 'ఆ రోజు క్లాసులో నేను చదువుతుంటే నీకేమనిపించింది లిలియన్? అది నమోదు కాలేదు' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"సూపు చల్లారిపోతోంది, నోరు తెరవండి అన్నాను."

అంత్యక్రియలకి వెళ్ళాను. వెళ్ళకపోతే పైనున్న ఫ్రూమా పెద్దమ్మ నన్ను క్షమించదు. వర్షం చినుకులు పడుతున్నాయి. యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి గొంతులేనివాళ్ళకి ఆయన గొంతునిచ్చాడని చెప్పాడు. మాకు గొంతులు ఉండేవి, బాబూ. బల్ల చుట్టూ కూచుని ఎవరితో మాట్లాడాలో వాళ్ళతోనే మాట్లాడుకునేవాళ్ళం. మా ఆచారం ప్రకారం ప్రార్థనకి పదిమంది మగవాళ్ళు కావాలి. ఒకరు తగ్గితే, పక్క సమాధి దగ్గరికొచ్చినాయన్ని లిలియన్ వెళ్ళి బతిమాలి తీసుకొచ్చింది. ఆయనకి ఇజ్యో ఎవరో తెలియదు. ప్రార్థన బాగానే చదివాడు, పాపం.

మట్టి వేసి చేతులు కడుక్కుని వస్తుంటే లిలియన్ నా చెయ్యి పట్టుకుంది. క్రిసియా మనవరాలు పోలండ్ నుంచి చదువుకోవడానికి వస్తోందట, గది సిద్ధం చెయ్యాలట.

"ఏం చదువుతుందట?" అన్నాను.

"పశువుల డాక్టరు."

"మంచి పిల్ల," అన్నాను.